ఈత చెట్టుతో మామ్మ రాజీ

ఖరగ్‌పూర్‌లో మా మేడ మీది గదిలో అద్దెకుండి చదువుకుంటున్న గుంటూరు పిల్ల మొన్న డిసెంబరులో ఒక సాయంత్రం కిందికి దిగివచ్చి, నా చేతిలో ఒక ట్యూబు పెట్టింది. చూపులకి పళ్ళ పేస్టులాగే ఉంది గానీ, మూత తీసి నొక్కితే చెంచాలోకి ఎర్రగా, చిక్కగా ఈత బెల్లం పాకం జారింది. ప్రేమ్ బజార్ వైపు పోయే పిల్లల సైకిలు గంటలు వింటూ గుమ్మంలోనే నిలబడి వాసన చూశాను. తీపి ఉంది, రసం జాడ ఉంది, పొగ లేదు. పొగ వాసన లేని ఈత బెల్లం నాకు ఉప్పు వెయ్యడం మరిచిపోయిన చారులా ఉంటుంది.

ఆ పిల్ల ఫోను తీసి ఫొటోలు చూపించింది. స్నేహితులంతా టిక్కెట్లు కొనుక్కుని ఏదో పల్లెటూరు చూడ్డానికి వెళ్ళారట. ఎడ్లబండి ఎక్కించారట, మట్టింటి అరుగు మీద భోజనం పెట్టారట, పొలం గట్టు మీద నిలబెట్టి ఈత రసం తాగించారట. ఒక ఫొటోలో ఆమె చేతిలో నీలం రంగు ఎనామెల్ మగ్గు ఉంది. ఫొటోలు దిగడానికని అక్కడ అలాంటి పాత సామాన్లు పెట్టారట. నేను ఫోను లాక్కున్నంత పని చేసి ఆ బొమ్మని పెద్దది చేసి చూశాను. అంచు దగ్గర రెండు చోట్ల పెచ్చులూడి ఉంది, పిడి మీద తెల్లటి మచ్చ ఉంది. అది మా మామ్మ మగ్గు.

మామ్మ అంటే మా నాన్న తల్లి, రైల్వే ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి రైలు పట్టాల వెంటే ఖరగ్‌పూర్ వచ్చి పాతుకుపోయిన క్రైస్తవ కుటుంబం మాది. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఎనభైల మధ్యలో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మా క్వార్టర్ల లైనులో చలికాలమంటే వర్క్‌షాపు సైరనుకంటే ముందు లేచిన బొగ్గుల కుంపట్ల పొగ, ఆ పొగలో కలిసిపోయిన మంచు, ఉన్ని టోపీల్లోంచి కళ్ళు మాత్రమే కనబడే బెంగాలీ దాదాలు, వాళ్ళని చూసి నవ్వుకుంటూనే వాళ్ళకంటే ఎక్కువ స్వెటర్లు తొడుక్కున్న మేము, గుమ్మాల్లో వేలాడే కాగితం నక్షత్రాలు, గోడకి ఎండ తగిలే చోటు కోసం పిల్లల కొట్లాటలు, ఆ కొట్లాటల మధ్యలోంచి సైకిలు గంట కొట్టుకుంటూ వచ్చే నిమాయ్ కాకా.

నిమాయ్ కాకా రైతు. ఇవాళ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఫ్యాక్టరీలు ఉన్న చోటు దాటి, ఎర్రమట్టి దారిలో ఇంకా లోపలికి పోతే ఆయన ఊరు. కాలీఫ్లవరు, వంకాయలు, మంచు తడి ఆరని పాలకూర సైకిలుకి రెండు పక్కలా గంపల్లో కట్టుకుని తెచ్చేవాడు. తెలుగు లైన్లలో అమ్మీ అమ్మీ మా తెలుగు పట్టుబడిపోయి, మా మామ్మని వాళ్ళ భాషలో మాసీమా, అంటే పిన్నమ్మా, అని పిలుస్తూనే మా యాసలో బేరమాడేవాడు. నన్ను ఖుకూ, అంటే పాపా, అని పిలిచి, ఒక పచ్చి బఠాణీ కాయ చేతిలో పెట్టేవాడు. ఆయన దగ్గర మామ్మ కూరలన్నీ కొనేది గానీ, గంప అడుగున గుడ్డలో చుట్టి ఉండే ఈత బెల్లం అచ్చు వైపు కన్నెత్తి చూసేది కాదు.

ఎందుకంటే ఈత చెట్టుకి సంబంధించింది ఏదీ మా గడప తొక్కకూడదు. మా లైనులో అందరూ ఈత చాపల మీద పడుకుంటే మేము గోనెపట్టాల మీద పడుకునేవాళ్ళం. మట్టల ఆదివారం నాడు చర్చిలో అందరి చేతుల్లోనూ ఈత మట్టలుంటే మామ్మ చేతిలో, ఆమె పక్కన నిలబడ్డ పాపానికి నా చేతిలో, కొబ్బరి మట్టలుండేవి. ప్రభువు నగరంలోకి వచ్చినప్పుడు జనం పట్టుకున్నవి ఖర్జూరపు మట్టలే కదమ్మా అని అయ్యగారు నచ్చజెప్పబోతే, "ఆ మట్టలు పట్టుకున్నారు గానీ అయ్యగారూ, సెట్టుకి కుండ కట్టలేదు గదా" అంది. 

కోపానికి కారణం మా తాతయ్య. వర్క్‌షాపులో కమ్మరి పని చేసేవాడు, మంచివాడేనట, కానీ జీతం రాగానే ఊరి బయటి పాకల్లో ఈత కల్లు తాగి పట్టాల వెంట నడిచి వచ్చేవాడు. ఒక చలికాలం అలా వస్తూ షంటింగు ఇంజను కింద పడిపోయాడు. నాన్నకి అప్పటికి మూడేళ్ళు. ఆ తర్వాతే మామ్మ ఆయా ఉద్యోగంలో చేరి, డ్యూటీ మీద డ్యూటీ చేసి కొడుకుని పెంచింది. నాన్న ఫిట్టరై, ఇద్దరు పిల్లల తండ్రయ్యాక కూడా, వర్క్‌షాపు నుంచి రాగానే నోరు తెరవమని వాసన చూసేది. నాన్న ఎంత అలసిపోయినా నోరు తెరిచేవాడు.

ఆ సంవత్సరం నిమాయ్ కాకాకి కష్టం వచ్చింది. బజార్లో పంచదార కలిపిన బెల్లం చౌకగా దొరుకుతుంటే ఆయన అసలు బెల్లం ఎవరికీ ఆనడం లేదు. ఇటుకల బట్టీ వాళ్ళేమో ఊళ్ళో ఈత చెట్లన్నీ కొట్టి బట్టీలో పెట్టడానికి కొనేస్తున్నారు. కాకా వాళ్ళన్న వాటాకొచ్చిన చెట్లు అప్పటికే బూడిదైపోయాయి. గట్ల మీద ఇంకో ఇరవై చెట్లు కాకావి. ఈ చలికాలం బెల్లం అమ్ముడుపోకపోతే అవీ ఇచ్చెయ్యక తప్పదని ఒకరోజు మా గుమ్మంలో కూర్చుని నాన్నతో చెప్పుకున్నాడు. పట్నం వాళ్ళు ఒక్కసారి వచ్చి చెట్టునీ, కుండనీ, పొయ్యినీ కళ్ళారా చూస్తే ఇంక బజారు బెల్లం ముట్టుకోరని ఆయన నమ్మకం. క్రిస్మస్‌కి పదిరోజుల ముందు వర్క్‌షాపుకి సెలవొచ్చింది. ఆ రోజుకి లైనులోని కుటుంబాలన్నిటినీ తీసుకొస్తానని నాన్న మాటిచ్చేశాడు.

లైనంతా ఉత్సాహపడింది. వర్క్‌షాపుకీ చర్చికీ తప్ప ఎక్కడికీ వెళ్ళని మాకు పొలం చూడ్డమంటే సర్కస్ చూడ్డంతో సమానం. ఆ బుధవారం స్త్రీల కూడికలో మామ్మ లేచి, కల్లు చెట్ల కిందికి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు, నా మనవరాలు మాత్రం రాదు అంది. అంతే. లైనులో సగం మంది పిల్లలకి మొదటి స్నానం పోసింది మామ్మే, హిందువుల ఇళ్ళల్లో కూడా ఆమె మాటకి తిరుగులేదు. సెలవు రోజు ఒక్క కుటుంబమూ కదల్లేదు. మొహం చెల్లక నాన్న కూడా వెళ్ళలేదు.

రెండు రోజుల తర్వాత నిమాయ్ కాకా వచ్చాడు. గంపలు లేవు. తెల్లారకముందు నుంచి దారి చూశామనీ, తన భార్య వచ్చేవాళ్ళ కోసం అరుగు అలికి, మరమరాలు వేయించి, ఆకు దొప్పలు కుట్టి పెట్టిందనీ, చివరికి ఆ దొప్పలు మేక తినేసిందనీ చెప్పి, ఎవరూ ఎందుకు రాలేదని అడిగాడు. నాన్న తల దించుకున్నాడు. మామ్మ మాత్రం దాచలేదు.

"నేనే వొద్దన్నాను, నిమాయ్. ఆ సెట్టు నీల్లు తాగే నా ఇంటాయన పట్టాల మీద ఎల్లిపోయినాడు."

కాకా సైకిలు స్టాండు తీశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఓసారి వొచ్చి నీ కంటితో సూడు మాసీమా. సూసినాక కూడా నువ్వు కల్లే అంటే, ఆ సెట్లు నేనే బట్టీకి ఇచ్చీస్తాను."

ఒక రైతు తన ఇరవై చెట్ల బతుకుని మామ్మ నోటి మాట మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మామ్మ ప్రార్థన ఎప్పటికంటే పొడుగ్గా సాగింది.

పొద్దున్నే, వస్తానని నాన్న చేత కాకాకి కబురు పెట్టింది. ఆ మర్నాడు తెల్లారగట్ల నాలుగింటికి ఆయనే ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. నాన్న సైకిలు మీద వెనకాల, నేను బండిలో మామ్మ శాలువా కింద. ఎవరింటి గ్లాసు కల్లు ఎరుగునో, ఏది ఎరగదో అని మామ్మ తన నీలం మగ్గు వెంట తెచ్చుకుంది. అది గతుకు గతుకుకీ నా మోకాలికి తగులుతూ ఉంది. మంచులో ఎడ్ల కొమ్ములు తప్ప ఏమీ కనబడలేదు గానీ ఎర్రమట్టి తడి వాసన, తర్వాత ఆవపూల ఘాటు, ఆ తర్వాత ఎక్కడో ఎండుమట్టలు కాలుతున్న పొగ, ఆ పొగలో పాకం ఉడుకుతున్న తీపి, ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పలకరించాయి.

కాకా నడుముకి తాడు కట్టుకుని చెట్టెక్కి, రాత్రంతా బొట్టు బొట్టుగా నిండిన కుండ దింపాడు. కుండలు రోజూ కడిగి, గడ్డి మంట మీద లోపల పొగ పట్టిస్తారట. అందుకే ఆ వాసన. "ఎండెక్కితే ఇదే కల్లవుతాది మాసీమా, అబద్దం సెప్పను," అన్నాడు. "అందుకే ఎండెక్కకముందే పొయ్యెక్కించీస్తాం." మామ్మ మగ్గు చాపలేదు. చుట్టూ చూస్తూ, గట్టు మీద కొన్ని చెట్లకి కుండల్లేవేమని అడిగింది.

"అవి జిరేన్‌లో ఉన్నాయి. మూడు రోజులు గీస్తాం, మూడు రోజులు ఊరుకుంటాం. రెస్టు ఇవ్వకపోతే సెట్టు సచ్చిపోతాది. మా నాన్న నేర్పినాడు."

మామ్మ ఆ కుండల్లేని చెట్ల వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆదివారం పొయ్యి తప్ప ఇంకో పని ముట్టని మనిషి, కానీ ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఎన్ని ఆదివారాలు డ్యూటీ చేసిందో లెక్కలేదు. ఆమెకి ఎవరూ జిరేన్ ఇవ్వలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. కాసేపటికి మగ్గు ముందుకి చాపింది. కాకా పోశాడు. నాన్న నోటి వాసన ఎలా చూసేదో అలాగే మగ్గులోకి ముక్కు పెట్టి చూసింది. ఒక గుక్క తాగింది. తర్వాత మొత్తం తాగేసింది.

"నలభయ్యేల్లు సెట్టు మీద కోపమెట్టుకున్నాన్రా," అంది నాన్నతో. "మనిసి మీద ఎట్టుకోలేక."

నాన్న అంత పెద్ద మనిషి, అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. మామ్మ మగ్గు కడిగి, తిరిగి సంచిలో పెట్టుకోకుండా, కాకా ఇంటి అరుగు మీది వెదురు మేకుకి తగిలించింది. "ఇది ఇక్కడే ఉండనీ. మల్లీ వొస్తాను."

మళ్ళీ వెళ్ళాం, లైనంతా కలిసి, ఏటా. వద్దన్న మామ్మే దగ్గరుండి జనాన్ని పోగేసేది. ఆడవాళ్ళు అరుగు మీద వంకాయ కాలుస్తుంటే మేము కోతలైన పొలంలో బిళ్ళంగోడు ఆడి, పెనం అడుగున మిగిలిన పాకం ఆకుతో గీక్కు తిని, మూతులు కాల్చుకునేవాళ్ళం. వచ్చేటప్పుడు ప్రతి సైకిలు హ్యాండిలుకీ ఒక బెల్లం మూట. బట్టీవాడు రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయాడు. క్రిస్మస్‌కి మామ్మ ఆ బెల్లంతో అరిసెలు వండింది. మొదటి ఏడాది పాకం కుదరక నూనెలో విడిపోయి పరువు తీశాయి, రెండో ఏడాదికి దారికొచ్చాయి. వాటిని తిని నిమాయ్ కాకా భార్య అరిసెల పాకం ఎలా పట్టాలో మామ్మ దగ్గర నేర్చుకుంది. ఆమె దగ్గర మామ్మ ఆవపిండితో కూర వండటం నేర్చుకుంది. మట్టల ఆదివారానికి చర్చి మొత్తానికీ ఈత మట్టలు కాకా సైకిలు మీదే వచ్చేవి. అందులో మొదటిది మామ్మ చేతికి. తొంభైల చివర్లో మామ్మ పోయినప్పుడు ఆమె సమాధి మీద ఒక మట్ట పెట్టింది కూడా ఆయనే. ఆ తర్వాత పెళ్ళిళ్ళు, బదిలీలు, నాన్న అనారోగ్యం, మా రాకపోకలు ఎప్పుడు తెగిపోయాయో ఎవరూ గమనించలేదు. అందుకు నాకు సిగ్గుగా ఉంది.

ఆ ఫొటో చూసిన వారానికి అరిసెలు చేసుకుని వెళ్ళాను. ఫ్యాక్టరీల గోడలు దాటాక దారి పక్కన రంగుల బోర్డు ఉంది. కాకా మనవడి భార్య నడుపుతోంది. చలాకీ మనిషి, వచ్చినవాళ్ళకి తమ పొలం వంకాయలే వండి పెడుతుంది, రెండు గదులు శుభ్రంగా కట్టించింది. ఆమెని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు, మేము ఆ రోజుల్లో బోర్డు లేకుండా చేసిన పనే ఆమె బోర్డు పెట్టి చేస్తోంది. గట్ల మీద చెట్లు చాలావరకు ఉన్నాయి, మెడలో కుండలతో సహా. ఒక కుండ చేతికందితే వాసన చూశాను. ఏ వాసనా లేదు. చెట్టెక్కే మనిషి ఊళ్ళో ఒక్కడూ మిగల్లేదట. రసం ఎక్కడో దూరం నుంచి డబ్బాల్లో వస్తుందట. కుండలు చూపుకి మాత్రమే.

నిమాయ్ కాకా అరుగు మీద మంచంలో ఉన్నాడు. ఆయన తల పైన మేకుకి నీలం మగ్గు. దాన్ని అడిగి తెచ్చేసుకుందామని చేతిలోకి తీసుకున్నాను. ఆయన నన్ను పోల్చుకుని ఖుకూ అన్నాడు, అరిసె చేతిలో పెట్టించుకున్నాడు, నా వెనకాల దారి వైపు చూశాడు.

"మాసీమా రాలేదా?"

మామ్మ సమాధి మీద మట్ట పెట్టింది తనేనని ఆయన మరిచిపోయాడు. "జిరేన్‌లో ఉంది కాకా," అన్నాను.

ఆయన గట్టు మీది చెట్ల వైపు కాసేపు చూసి తలూపాడు. "సరే. మూడు రోజులేగా."

మగ్గు మళ్ళీ మేకుకి తగిలించి వచ్చాను.