రంగు కింద వరద గీత

కిందటేడు మే నెలలో నాంపల్లిలో జరిగిన ఒక మహా జలప్రళయ గాథ చెప్పబోతున్నాను, సర్దుకుని కూర్చోండి. నిజానికి ప్రళయం లేదు. ఆ నెలలో చుక్క వాన కూడా లేదు. మండే ఎండలో నేను, చేతిలో టేపు, అబిడ్స్ వెనక నుంచి నాంపల్లి వైపు జారే ఒక చిన్న నాలా. అంతే.

నాలా మీది పాత కల్వర్టు తీసి కొత్తది కట్టాలి. దాని సైజు తేల్చాలంటే పెద్ద వానకు సెకనుకు ఎంత నీరొస్తుందో అంచనా వేయాలి. దాన్నే మేం ఇంజనీర్లం డిశ్చార్జ్ అంటాం. వాన ఎంత గట్టిగా పడుతుంది, ఎంత మేర నీరు ఇటు జారుతుంది, అందులో నేల తాగని భాగమెంత అన్నవి చూసి లెక్క కడతాం. ఈ చివరిదాని పేరు రన్నాఫ్ కోఎఫిషెంట్. అబిడ్స్‌లో అసలు నేల కనిపిస్తే కదా తాగడానికి! పెద్ద బాక్స్ కల్వర్టు కావాలని లెక్క తేలింది.

మా పైఅధికారి డీఈ గారు కదల్లేదు. "లెక్క సరేనయ్యా. నీళ్లు ఎంత ఎత్తుకొచ్చినయో ఒక్క గుర్తు చూపియ్యి. లేకుంటే పాత సైజే."

పాత సైజే అయితే కల్వర్టు పక్కన టైలరింగ్ షాపు నడిపే యాదమ్మ ఈసారీ మునుగుతుంది. "ఏటా మిషన్ల మోటర్లు కరాబైతున్నయ్ సారూ. ఇంకోసారి మునిగితే దుకాణం బందే," అంది.

గుర్తు లేకుండా ఆఫీసుకు వెళ్లకూడదని పట్టుబట్టి గోడలన్నీ వెతికాను. ఏ గోడ చూసినా తాజా రంగు. యాదమ్మకు షాపు కిరాయికిచ్చిన గోవర్ధన్ సేఠ్‌ను అడిగాను.

"నీళ్లా? గీడ ఎన్నడు రాలే సార్."

"మరి ఈ రంగు?"

"పండుగకు ఏసినం."

"మేలో ఏం పండుగ సేఠ్?"

యాదమ్మ లోపల్నుంచే అందుకుంది. "ఎన్నడు రాలేదా? మరి నా మిషన్లు ఏడ తడిసినయ్ సేటూ, పుష్కర స్నానంల?"

సంగతి తేలింది. గోడ మీద బురద గీత కనిపిస్తే కిరాయికి ఎవరూ రారు. అందుకే ఏటా గోడలు బాగా ఆరాక, ఎండాకాలంలో ఆ వీధంతా రంగులు వేస్తుంది.

"సరే, నీళ్లు రాలేదనే రాసుకుంటా," అన్నాను. "పాత కల్వర్టే వస్తది. యాదమ్మ పోయినంక ఖాళీ షాపుకు మీరు రంగులేసుకుంటనే ఉండున్రి."

సేఠ్ నాలా వంక చూశాడు. "పెద్దది కడితే నీళ్లు రావా?"

"లెక్క ప్రకారం రావు."

"లెక్క ప్రకారమా," అని గొణుక్కుంటూ లోపలికెళ్లి, గీకడానికి ఇనుప రేకు తెచ్చి తనే మొదలుపెట్టాడు. ఒక పొర కింద బురద గీత. దాని కింది పొరలో ఇంకోటి. వాటిలో ఎత్తుగా ఉన్న గీతను బట్టి ప్రవాహం లెక్క కడితే నా అంచనాకు దగ్గరగా వచ్చింది. డీఈ గారు ఫొటోలు చూసి, సేఠ్‌తో ఫోన్లో మాట్లాడి, చివరికి బాక్స్ కల్వర్టుకు ఒప్పుకున్నారు.

కొత్త కల్వర్టు కట్టాక, ఈ ఏడు మొదటి పెద్ద వానకు పరుగెత్తుకెళ్లాను. నీళ్లు రోడ్డెక్కలేదు. యాదమ్మ మిషను ఆపకుండానే చెయ్యి ఊపింది.

నేను నేర్చుకున్నది ఒకటే. ఎవరూ కొలవని నాలా గురించి అడిగేటప్పుడు, నిజం చెబితే ఎదుటివాడికి ఏం పోతుందో ముందు కనుక్కోవాలి.

ఇక కల్వర్టు మూతిలో ఎవరో పడేసిన పాత పరుపులను మాత్రం ఏటా వానాకాలానికి ముందే తీయించాలి. లేకపోతే ఏ సైజైనా ఒకటే.