కోళ్ళ చప్పుడు లేని పాట

ఎవరైనా మా అత్తను మెచ్చుకున్నప్పుడల్లా నేను తల దించుకుంటాను. కోడలికి అణకువ ఎక్కువ అనుకుంటారు జనం. అణకువ కాదు, భయం. పెళ్ళైన మరుసటి ఏడు పట్టుకున్న భయం ఇది. పిల్లల్ని కన్నప్పుడు, వాళ్ళకు పెళ్ళిళ్ళు చేసినప్పుడు, అత్తను మట్టిలో పెట్టి వచ్చినప్పుడు కూడా నన్ను వదల్లేదు. ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మా అత్త పేరు మార్తమ్మ. మాది తర్లుపాడు పక్కన ఒక పల్లె. ఆమె కూలికి పోయేది. కలుపు తీస్తూ పాడేది, మిరపకాయలు కోస్తూ పాడేది, క్రిస్మస్ రోజుల్లో ఇంటింటికీ తిరిగే గుంపుకు ముందు నిలబడి పాడేది. కంభం నుంచీ పొదిలి నుంచీ పెళ్ళిళ్ళకు పిలుచుకుపోయేవాళ్ళు. అయినా ఆమె క్యాసెట్టు ఒక్కటీ బజారులోకి రాలేదు. ఉన్నవన్నీ మా ఆయన ఇంట్లో రికార్డు చేసినవే. ఆయన పలకల గనిలో పనిచేసేవాడు. మార్కాపురంలో ఒక టేపు రికార్డరు కొనుక్కొచ్చి, సాయంత్రాలు అమ్మను వాకిట్లో కూర్చోబెట్టి పాడించేవాడు.

ఆ క్యాసెట్లను ఈమధ్య మా బావగారి కొడుకు ప్రవీణ్ ఫోన్లోకి ఎక్కించి యూట్యూబ్‌లో పెట్టాడు. ఎక్కడెక్కడి వాళ్ళో విన్నారు. ఆమె పాటలంటే ప్రాణం పెట్టేవాళ్ళంతా కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. నేనూ ఉన్నాను అందులో, మందార పువ్వు బొమ్మ పెట్టుకుని, నోరెత్తకుండా.

వాళ్ళ మాటలు చదువుతుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఏ పాటలో ఎక్కడ టేపు బుస్సుమంటుందో వాళ్ళకు తెలుసు. ఏ పాట మధ్యలో బోరింగు కొడుతున్న చప్పుడు వస్తుందో తెలుసు. ఒక పాటలో మా అత్త చరణం మధ్య ఆగి, "హుష్, నీ దుంప తెగ, గింజలన్నీ తినె" అని కోడిని తోలి, మళ్ళీ అదే శృతిలో అందుకుంటుంది. దాన్ని కత్తిరించి శుభ్రం చేద్దామని ఎవరో అంటే గ్రూపంతా కొట్లాటకు దిగింది. కోడి లేకపోతే మార్తమ్మ ఎక్కడుంది అన్నారు. మా అత్త ఉంటే ఎంత నవ్వేదో.

అయితే వాళ్ళు అన్నింటికన్నా ఎక్కువ వినే పాట ఒకటుంది. రూతు పాట. చిన్నప్పుడే పోయిన కూతురి మీద మా అత్త కట్టుకున్న పాట. దాని గురించి గిద్దలూరు నుంచి ఒక రిటైరైన మాస్టారు ఒకరోజు ఇలా రాశాడు: "ఈ ఒక్క పాటలో కోళ్ళు లేవు, గమనించారా? గొంతు కూడా సన్నగా ఉంది."

అది చదివి ఫోను బోర్లా పెట్టేశాను.

కోళ్ళు లేవు, నిజమే. ఎందుకంటే ఆ పాట వాకిట్లో పాడింది కాదు. తలుపు మూసి ఇంట్లో పాడింది. గొంతు సన్నగా ఉంది, అదీ నిజమే. ఆ గొంతు మా అత్తది కాదు. నాది.

ఎలా జరిగిందో చెబుతాను. రూతు పాటను మా అత్త టేపులో ఒక్కసారే పాడింది. పాడే ముందే కొడుకుతో, "ఒక్క తూరే పాడతా, మళ్ళ అడగమాక" అంది. వాన వెలిసిన సాయంత్రం అది. నేను గోడకు ఆనుకుని విన్నాను. చివరి చరణం వినగానే మా ఆయన లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆ చరణం ఇది:

నీళ్ళడిగితివి నా తల్లి రూతూ, నీళ్ళియ్యకపోతిని
కడవ నిండా నీళ్ళుండె బిడ్డా, గుక్కెడు పొయ్యకపోతిని

రూతుకు వాంతులు, విరేచనాలు. నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతుంది, ఇవ్వొద్దని చుట్టుపక్కల పెద్దవాళ్ళు చెప్పారట. బిడ్డ అడుగుతూనే ఉందట. మా అత్త చెంబు దాచిపెట్టిందట. ఈ సంగతి ఆమె మామూలుగా మాటల్లో ఎవరికీ చెప్పలేదు. ఆ పాటలోనే చెప్పింది.

తర్వాత ఆ క్యాసెట్టు జోలికి ఆమె పోలేదు, మా ఆయనా పోలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనే వేసుకుని వినేదాన్ని. ఎందుకంత వినేదాన్ని? పాట బాగుందని. అంతేనా? కాదు. నాకూ గొంతుంది. మా పుట్టింటివైపు అందరూ నన్నే పాడమనేవాళ్ళు. ఈ ఇంట్లోకి వచ్చాక నన్ను పాడమన్నవాళ్ళు లేరు. సూర్యుడి ముందు దీపం ఎవరికి కావాలి? ఆమె మీద నాకు కోపం లేదు. తన కంచంలోంచి తీసి నాకు పెట్టిన మనిషి. కానీ నా గొంతు ఆ పెట్టెలోంచి వస్తే ఎలా ఉంటుందో వినాలని ఉండేది.

ఒకరోజు ఒంట్లో బాగాలేక నేను కూలికి పోలేదు. ఒక క్యాసెట్టు తీసి ఎర్ర బొత్తాం నొక్కి, మా ఊరి పెళ్ళిపాట ఒకటి పాడాను. వెనక్కి తిప్పి విన్నాను. బాగానే ఉంది. మురిసిపోయాను. నా పాట అయిపోయింది. చిన్న చప్పుడు. ఆ వెంటనే మా అత్త గొంతు. నీళ్ళడిగితివి నా తల్లి రూతూ.

ఖాళీ క్యాసెట్టు అనుకుని దాని మీదే పాడేశాను. పాటంతా పోయింది. ఆ చివరి చరణం ఒక్కటే మిగిలింది.

ఇక్కడిదాకా పొరపాటే. మీరు కూడా పొరపాటే అంటారు. పరిగెత్తుకుంటూ చేలోకి పోయి కాళ్ళు పట్టుకుని ఉంటే ఆమె తిట్టి ఉండేది, ఏడ్చి ఉండేది, ఆ రాత్రికే నాకు అన్నం పెట్టి ఉండేది. నాకు తెలుసు ఆమె. తెలిసీ పోలేదు.

తలుపు వేశాను. టేపు మొదటికి తిప్పి, గొంతు బరువు చేసుకుని, ఆమె పాట మొత్తం నేను పాడాను. ఆ చివరి చరణం దగ్గరికి వచ్చాను. అక్కడ ఆపి ఉంటే ఆమె చరణం ఆమె గొంతులోనే మిగిలేది. కానీ నా గొంతు వెనకే ఆమె గొంతు వస్తే తేడా తెలిసిపోతుంది. ఆపలేదు. పోనీ ఆ మాటలనైనా పాడానా? అదీ లేదు. నోరు రాలేదు. బిడ్డకు నీళ్ళివ్వని తల్లిని నేను కాను కదా, ఆ మాట అనే హక్కు నాకెక్కడిది అనిపించింది. అనే హక్కు లేనిదానికి చెరిపే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ప్రశ్న అప్పుడు రాలేదు. టేపు తిరుగుతోంది. నోటికొచ్చింది పాడేశాను.

తలుపు తీసే పెట్టినాను నా తల్లి రూతూ, తట్టే పని లేదు నీకు
దీపమారిపోకముందే బిడ్డా, దారి చూసుకోని రామ్మా

అమ్మ పోయాక మా పుట్టింట్లో నాకోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. ఆ దిగులే అలా వచ్చిందేమో. రూతు కోసం మాత్రం కాదు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం చుట్టాలొచ్చి, ఆ పాట వినాలని పట్టుబట్టారు. మా ఆయన మనసు చంపుకుని వేశాడు. రెండు వరుసలు విని, "బ్యాటరీలు అయిపోయినట్టుండాయే, అమ్మ గొంతు సన్నంగా వస్తా ఉంది" అన్నాడు. నేను అవునన్నాను. చివరి చరణం రాకముందే ఆయన ఆ రోజూ లేచి వెళ్ళిపోయాడు. ఆ బ్యాటరీల మాట ఆ రోజు పుట్టింది. ప్రవీణ్ వాళ్ళ చిన్నాన్న దగ్గర విన్నాడు, గ్రూపుకు చెప్పాడు.

మా అత్త చేటలో బియ్యం ఏరుతూ వింది. చుట్టాలు వెళ్ళాక పొయ్యి దగ్గర నా పక్కన వచ్చి కూర్చుంది.

"పాపా, అది నేను పాడిందేనా?"

"నువ్వే అత్తా."

"నీళ్ళ మాట లేదే అందులో."

"నువ్వు ఆ పొద్దు అది పాడలేదు అత్తా."

"పాడలేదా?"

"లేదు. తలుపు మాటే పాడినావు."

చాలాసేపు మంటకేసి చూసింది. "పాడినాననే అనుకున్యానే ఇన్నాళ్ళు" అంది. తర్వాత మెల్లగా, "పోనీలే. తలుపు మాట బాగుండాది" అని లేచి వెళ్ళింది.

ఆమె నన్ను నమ్మింది. తన జ్ఞాపకం కన్నా నన్ను ఎక్కువ నమ్మింది.

మంచే చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఘోరమైన మాటను ఆమె మీద నుంచి దించాననుకున్నాను. పొలంలో కూనిరాగం తీసేటప్పుడు ఆమె కూడా తలుపు మాటే పాడటం మొదలుపెట్టింది. అది విని కొంచెం గర్వపడ్డాను కూడా. దాచను.

మంచం పట్టాక ఒకరోజు నేను గంజి తాపుతుంటే అడిగింది. "నా రూతుకు నేను నీళ్ళియ్యలేదు, పాపా. నేను ఎవురికన్నా చెప్పినానా ఆ మాట?"

ఏం చెప్పాలి? చెప్పినావు అత్తా, నోరారా పాడినావు, నీ కొడుకు విన్నాడు, నేను విన్నాను, నిన్ను ఎవరూ తప్పు పట్టలేదు. ఇంతే కదా చెప్పాల్సింది. నేను ఆమె మూతి తుడిచాను. "ఇప్పుడెందుకత్తా అవన్నీ" అన్నాను. ఆమె గోడవైపు తిరిగింది. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదనే అనుకుంటూ పోయింది మా అత్త. బతుకంతా మోసి, ఒక్క సాయంత్రం దించుకున్న బరువును తిరిగి ఆమె నెత్తిన పెట్టింది నేనే.

మాస్టారు మొన్న ఇంకో పని చేశాడు. తగ్గిపోయిన బ్యాటరీలతో రికార్డు చేస్తే టేపు నిదానంగా తిరుగుతుందట, ఇప్పుడు మామూలు వేగంతో వేస్తే గొంతు సన్నబడుతుందట. అందుకని కంప్యూటర్లో పాటను కాస్త నిదానం చేసి, "ఇదీ అమ్మ అసలు గొంతు" అని గ్రూపులో పెట్టాడు. విన్నాను. అచ్చం మా అత్తే. నా నోట ఆమె, ఆమె కట్టని మాట పాడుతోంది. తలుపు మాట దగ్గర ఏడ్చామని ఎందరో రాశారు.

ఇక ఆగలేకపోయాను. మొదటిసారి ఆ గ్రూపులో రాశాను. "ఆ పాట పాడింది మార్తమ్మ కాదు, నేను. ఆమె కోడల్ని."

నవ్వే బొమ్మలు వచ్చాయి వరసగా. ఒకామె, "పోయిన మనిషి పాట మీద ఇట్లాంటి ఎగతాళి ఏందక్కా" అంది. మాస్టారు ఓపికగా బ్యాటరీల సంగతి మళ్ళీ వివరించాడు. ప్రవీణ్ ఫోను చేసి, "పిన్నీ, నీ ఫోను ఎవరన్నా తీసుకున్యారా?" అన్నాడు. నేనే రాశానన్నాను. "చిన్నాన్నకు తెలుసా?" అన్నాడు. తెలియదు. ఈ సాయంత్రం ఆయన ఇంటికి వస్తాడు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెబుతాను. ఆయన ఏమంటాడో తెలియదు. మాట్లాడకపోవచ్చు. చాలాకాలం మాట్లాడకపోవచ్చు.

ఎవరు క్షమిస్తారు నన్ను? క్షమించాల్సిన మనిషి లేదు. మీరు క్షమించండని అడగడం లేదు. మార్తమ్మ తన కూతురికి నీళ్ళివ్వలేదని నోరు తెరిచి చెప్పింది. నేను విన్నాను. విని, చెరిపేశాను. ఇది ఒక్కరికైనా తెలియాలి.

పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. ఇప్పుడు ఆకలేస్తోంది.