పక్క సీటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా నాన్న నుంచి నాకు వచ్చినవి రెండే: ఆ కోపం, ఈ కంపెనీ ఉద్యోగం. ఆయన ఏళ్లకేళ్లు భూమి లోపల బొగ్గు పని చేసి, ఊపిరితిత్తులు మొరాయించాక మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. మా ఇంట్లో మగపిల్లలు లేరు. పెద్దదాన్ని, డిగ్రీ చదివినదాన్ని నేనే కాబట్టి ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. చేరిన మొదటి రోజే నా చేతిలో టీ ట్రే పెట్టారు.

కాగితం మీద నేను జనరల్ మజ్దూర్‌ని. చేసే పని మాత్రం గని ఆఫీసులో గదిగదికీ తిరిగి చాయ్ అందించడం. నాలుగేళ్లు అదే. చాయ్ అందించడం తప్పు పని అని నేననను. కానీ ఆఫీసు వరండాలో నిలబడితే పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గని మొత్తం కనిపించేది. ఇంటి ఎత్తు డంపర్లు బొగ్గు పైపొరల మట్టి నింపుకుని మెలికల రోడ్డెక్కి పైకి వస్తుంటే, చాయ్ చల్లారిపోతున్న సంగతి కూడా మరిచిపోయి చూసేదాన్ని. మా క్వార్టర్ల దగ్గర ఎవరైనా "మీ బిడ్డ ఏం పని చేస్తది?" అని అడిగితే మా నాన్న "ఆఫీసుల" అని చెప్పి వెంటనే మాట మార్చేవాడు. అది నా చెవిన పడినప్పుడల్లా తలుపు ధడాలున వేసేదాన్ని.

డంపర్ ఆపరేటర్లుగా ఆడవాళ్లకు శిక్షణ ఇస్తామని నోటీసు అంటించిన రోజు, గోడ మీద జిగురు ఆరకముందే నా పేరు రాయించాను. ఆఫీసులో ఒక పెద్దాయన నా ట్రేలోంచే గ్లాసు అందుకుంటూ, "ఎన్నడన్న ఆటో అయినా నడిపినవా?" అని నవ్వాడు.

"మీరు నడిపిండ్రా సార్?" అన్నాను. ఆయన చాయ్ తాగడంలో మునిగిపోయాడు.

శిక్షణ కేంద్రంలో తెర మీద బొమ్మలు వేసి పాఠాలు చెప్పారు. బసంత్‌నగర్ రోడ్డు మీద సిమెంటు లారీల మధ్య లారీ నేర్చుకుని పెద్ద లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ తర్వాత గనిలో అసలు బండి. చివర్లో ట్రయల్ ఉంటుంది, అందులో పాసైతే ఆపరేటర్‌ని. రెండుసార్లు తప్పితే మళ్లీ పాత పనికే పంపుతామని ముందే చెప్పారు. అంటే టీ ట్రే. ఆఫీసులో ఆ పెద్దాయన మళ్లీ నా చేతి చాయ్ అందుకుంటూ నవ్వడం ఊహించుకుంటేనే నాకు నిద్ర పట్టేది కాదు.

నన్ను మా గనిలో అందరికన్నా పాత ఆపరేటర్ దగ్గర వేశారు. ఆయన గోదావరిఖని మనిషి. ఇంట్లో దక్ఖనీ ఉర్దూ, డ్యూటీలో తెలుగు, బండి మొరాయిస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. గని మొత్తం ఆయన్ని చాచా అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను.

మొదటి రోజు డంపర్ నిచ్చెనెక్కి, ఆయన పక్కనున్న సీట్లో కూర్చుని స్టీరింగ్ వైపు ఆశగా చూశాను. "చేతులు మోకాళ్ల మీద పెట్టుకో బిడ్డా. కండ్లు ఒక్కటే తెరువు," అన్నాడు. షిఫ్టంతా ఇంకొక్క మాట లేదు. దిగే ముందు మాత్రం ఇంజను ఆపి నా వైపు తిరిగాడు.

"ఇయ్యాల ఏం జూసినవ్? మూడు జెప్పు."

"మట్టెత్తే షావెల్ చూసిన, మట్టి చూసిన, రోడ్డు చూసిన."

"గవి గొర్లు కాసేటోడు గూడ జూస్తడు. రేపు మంచిగ జూడు."

నాకు ఒళ్లు మండింది. ఇంటికెళ్లి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమాను. పది రోజులు అదే వరస, స్టీరింగ్ ఇచ్చిన పాపాన పోలేదు. కానీ సాయంత్రం మూడు చెప్పాలన్న పట్టుదలతో చూడడం మొదలుపెట్టాక, ఆయన చేతులు చేసే పనులు ఒక్కొక్కటిగా కనబడసాగాయి. బండెక్కే ముందు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, కింద నేల మీద నూనె చుక్క పడిందేమో వంగి చూసేవాడు. నీళ్ల ట్యాంకరు తడిపి వెళ్లిన మలుపులో స్పీడు సగానికి తగ్గించేవాడు. వెనక్కి తీసే ముందు అందరిలాగే మూడు హారన్లు కొట్టేవాడు, కానీ ఆయన మూడో హారన్ తర్వాత ఒక్క ఊపిరి సేపు ఆగేవాడు.

పదో రోజు సాయంత్రం ఈ హారన్ సంగతి చెప్పాను. "ఎందుకు ఆగుతనో ఎరికేనా?" అని అడిగాడు.

"ఎన్క ఎవలన్న ఉంటే హారన్ విని పక్కకు జరగాలె గద చాచా. దానికి టైమ్ కావాలె."

"షాబాష్! ముప్పై ఏండ్లల్ల ఈ మాట నన్నెవ్వలు అడగలే, ఎవ్వలు జెప్పలే," అన్నాడు. మర్నాడు స్టీరింగ్ ఇచ్చాడు.

ఇంకొంత చదువు క్యాంటీన్‌లో జరిగేది. డబ్బాలు విప్పుకుని ఆపరేటర్లంతా ఒక చోట కూర్చునేవారు. "నిన్న గా కింది మలుపు కాడ ఎన్క టైర్లు జారినయే" అని ఒకరు అంటే, మిగతావాళ్లు ఆ రోజు అక్కడ జాగ్రత్తగా వెళ్లేవారు. మొదట్లో నేను కూర్చోగానే మాటలు ఆగిపోయేవి. ఒకరోజు మా అమ్మ చేసిన సర్వపిండి పంచాను. తర్వాత ఆగలేదు.

అలా చూసి చూసి నేర్చుకున్నదాంట్లోనే ఒక తప్పు కూడా ఉంది.

ఎత్తయిన దిబ్బ అంచు దాకా బండిని వెనక్కి తీసుకెళ్లి, తెచ్చిన మట్టిని కిందికి ఒంపాలి. బండ్లు అంచు దాటి పోకుండా అక్కడ పొడవునా మట్టితో కట్ట పోసి ఉంటుంది. వెనక టైర్లు ఆ కట్టకు మెత్తగా 'దబ్' అని తగిలేదాకా అందరూ బండి తీసేవారు. తగిలిందంటే సరిగ్గా చోటుకు వచ్చామని లెక్క. చాచా కూడా అంతే. ఇలా చెయ్యమని నాతో ఎవరూ అనలేదు. నేను చూశాను, నేర్చుకున్నాను. కట్ట అనేది ఆగమని చెప్పే గుర్తే తప్ప బండిని ఆపే గోడ కాదని శిక్షణ కేంద్రంలో చెప్పిన మాట నా నోట్‌బుక్కులో ఉంది. నోట్‌బుక్కు ఇంట్లో ఉంది.

ట్రయల్ రోజు పరీక్ష చేసే ఆఫీసరు పక్క సీట్లో కూర్చున్నాడు. బండి చుట్టూ తిరిగాను, హారన్లు కొట్టాను, ఊపిరి సేపు ఆగాను. మలుపులన్నీ నున్నగా తీశాను. పాసైపోయానని లోపల ఎగిరి గంతేస్తూ దిబ్బ మీద బండి వెనక్కి తీశాను. దబ్.

"ముందుకు తీసి ఆపు. దిగు," అన్నాడు ఆఫీసరు.

దూరం నుంచే కట్టను చూపించాడు. నా టైరు తగిలిన చోట పచ్చిమట్టి నొక్కుకుపోయి, దాని వెనక సన్నగా నెర్రె విచ్చింది. అవతల లోయ. "వాన పడ్డ రోజు ఇది ఆగుతదా?" అన్నాడు. "ఎవరు నేర్పిండ్రు నీకు గిట్ల?"

చాచా కొంచెం అవతల, ట్రయల్ చూడడానికి వచ్చిన ఆపరేటర్లతో నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు చూడలేదు. "ఎవరు నేర్పలే సార్. నాదే గల్తీ," అన్నాను.

చాచా నడిచి వచ్చాడు. "అబద్ధం సార్. నేనే నేర్పిన. నోటితోని కాదు, బండితోని. పక్కకు కూసోబెట్టుకొని ఏం జూసినవ్, ఏం జూసినవ్ అని రోజు అడిగిన. ఈ పిల్ల మంచిగనే జూసింది. గల్తీ నాది."

తోటి ఆపరేటర్ల ముందు, అంత పాత మనిషి, చేతులు కట్టుకుని చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఫెయిలైనందుకు కాదు, ఆయన అలా నిలబడాల్సి వచ్చినందుకు ఏడ్చాను. ఆఫీసరు కాగితం మీద రాయాల్సిందే రాశాడు. పదిహేను రోజుల్లో మళ్లీ ట్రయల్, అదే ఆఖరుది.

మర్నాడు క్యాంటీన్‌లో చాచా డబ్బా విప్పకుండానే అందరితో అన్నాడు, "రేపటి సంది కట్టకు టైరు తాకియ్యద్దు. నేను గూడ తాకియ్య."

"ఇన్నేండ్లు తాకిచ్చినం గద చాచా, ఏమైంది?" అని ఎవరో నవ్వారు.

"ఏం కాలేదు గాబట్టే గల్తీ అని తెల్వలే," అన్నాడాయన.

మరి తగలకుండా చోటు తెలిసేదెట్లా? బండ్లకు జెండా ఊపే డంపు మనిషితో మాట్లాడి, కట్టకు ఇవతల నేల మీద సున్నంతో గీత గీయించాం. అద్దంలో వెనక టైరు ఆ గీత మీదికి రాగానే బ్రేకు. చెప్పడం తేలికే. ముప్పై ఏళ్ల కాలికి చెప్పడం మాత్రం కష్టం. ఆ పదిహేను రోజులూ సగం ట్రిప్పులు నేను నడిపితే ఆయన చూశాడు, సగం ఆయన నడిపితే నేను చూశాను. రెండుసార్లు ఆయన అలవాటులో కట్ట దాకా వెళ్లిపోయాడు.

"తాకింది చాచా," అన్నాను, భయపడుతూనే.

"ఔ బిడ్డా, తాకింది," అని మళ్లీ ముందుకు తీసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. నాలాంటి కోపిష్టిదానికి ఆ 'ఔ' అన్న ఒక్క మాట ఎంత నేర్పిందో నాకే తెలుసు.

రెండో ట్రయల్‌లో ఆఫీసరు దిగి కట్ట వైపు చూశాడు, గీత వైపు చూశాడు, కాగితం మీద సంతకం పెట్టాడు. పాసయ్యాను. ఆ వారమే మా క్వార్టర్ల నల్లా దగ్గర ఎవరో నా సంగతి అడిగితే మా నాన్న, ఆయాసం మధ్యలో ఆగి ఆగి, "బండి నడుపుతది. చిన్న బండి గాదు, ఇల్లంత బండి!" అన్నాడు. అడిగినవాళ్లకే కాదు, నాలుగిళ్ల అవతలికీ వినబడింది. నాకైతే ఆ రోజు నేల మీద కాళ్లు ఆనలేదు.

చాచా మొన్న రిటైరయ్యాడు. మా గనిలో ఆఖరి డ్యూటీ రోజు మనిషికి ఎవరూ పని చెప్పరు. దండలు వేసి, మిఠాయి తినిపించి, షిఫ్టు దిగాక బ్యాండుతో ఇంటికి తీసుకెళ్తారు. చాచా దండలు తీసి పక్కన పెట్టి నా డంపర్ దగ్గరికి వచ్చాడు. అడగాల్సిన వాళ్లందరినీ ముందే అడిగి ఒప్పించాడట. నిచ్చెన మెల్లగా ఎక్కి, పక్క సీట్లో కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

షిఫ్టు అయ్యేదాకా ఆయన నోరు విప్పలేదు. ఇంజను ఆపి నేనే ఆయన వైపు తిరిగాను.

"ఇయ్యాల ఏం జూసినవ్ చాచా? మూడు జెప్పు."

గట్టిగా నవ్వాడు. "ఒకటి, మూడో హారన్ కొట్టి ఊపిరి సేపు ఆగినవ్. రెండు, ఎదురొచ్చే లోడు బండికి దారిచ్చినవ్."

"మూడోది?"

చాచా భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"పొద్దుగాల డ్యూటీ ఎక్కకముందు డంపు మనిషిని తోల్కొని దిబ్బ కాడికి పోయిన. కట్ట ఈ కొస సంది ఆ కొస దాక జూసిన. ఒక్క టైరు గుర్తు గూడ లేదు బిడ్డా. నీదే గాదు, ఎవ్వలది లేదు."

కళ్లు నిండిపోయి అద్దం కూడా మసకబారింది.

"ఇగ దిగుదమా?" అన్నాడు చాచా. "బ్యాండోళ్లు గేటు కాడ ఎంతసేపు నిలబడుతరు?"