పనిగంటలు పంచిన వాదిరాజు సారు

ఆదివారం మధ్యాహ్నం ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర కూరగాయలు కొంటున్నాను. ఆదోని నుంచి వచ్చిన బస్సు ఆగింది. రోజూ నన్ను కాలేజీకి తీసుకుపోయే కండక్టరు దిగి, నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

“మీ కాలేజీ సారు పొద్దున చనిపోయినాడంట కదమ్మా.”

“ఏ సారు?”

“అదే, టైంటేబుల్ సారు. వాళ్ళింటి ముందర వీధంతా పిల్లోళ్ళే ఉండారు.”

చేతిలో సంచితోనే, తిరిగిపోయే ఆ బస్సే ఎక్కి ఆదోని చేరాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. శనివారం సాయంత్రం స్టాఫ్‌రూము బయట కుళాయి దగ్గర కళ్ళద్దాలు కడుక్కుంటూ, “సోమవారం నా రెండో బ్యాచి కూడా నువ్వే చూసుకో, నాకు కర్నూలులో పనుంది” అని చెప్పిన మనిషి ఎట్లా లేకుండా పోతాడు? తెల్లవారి సంధ్యావందనానికి కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారని ఇంట్లోవాళ్ళు చెప్పారు.

శ్రీ వాదిరాజాచార్య గారు మా కాలేజీ ఇంగ్లీషు శాఖకు అధిపతి. మంత్రాలయం దాపున గుడి సేవ చేసే కుటుంబంలో పుట్టి, ఇంట్లో సంస్కృతం, బయట ఇంగ్లీషు అభ్యసించిన విద్వాంసులు. అయినా ఊరికి ఆయన టైంటేబుల్ సారే. ప్రతి ఏడూ జూన్‌లో అధ్యాపకులందరికీ పనిగంటలు పంచే భారం ఆయనది. బయటివాళ్ళకు అది గళ్ళు నింపే పనిలా కనిపించవచ్చు. మాకు అట్లా కాదు. ఒక శాఖలో ఇంతమంది ఉండాలంటే ఆ శాఖకు ఇన్ని గంటల పని ఉండాలని నియమం. గంటలు తగ్గితే ఒక మనిషి ఎక్కువైనట్టు. ఆ ఎక్కువైన మనిషి ఎప్పుడూ అందరికన్నా వెనక చేరినవాళ్ళే. ఇంగ్లీషు శాఖలో ఆ చివరి మనిషిని నేను. ఆయన దగ్గరే చదువుకుని, ఆయన కిందే తాత్కాలికంగా చేరాను. మగ్గం మీద చూపు పోగొట్టుకున్న నాయన, అమ్మ, నేను. మా ఇల్లు ఆ గంటల మీదే నడుస్తోంది.

ఆయన గంటలు పంచే విధానం చూసి తీరవలసిందే. పాత పెళ్ళిపత్రికలను చిన్న ముక్కలుగా కత్తిరించి, వెనకవైపు ఒక్కో ముక్క మీద ఒక్కో అధ్యాపకుని పేరు రాసేవారు. ఒక ముక్క అంటే ఒక గంట. స్టాఫ్‌రూములో పొడుగాటి బల్ల మీద సుద్దతో గళ్ళు గీసి వాటిని పేర్చేవారు. ముక్కలు ఎగిరిపోతాయని ఫ్యాను వేయనిచ్చేవారు కాదు. ఆదోని జూన్ ఎండలో మేమంతా కొంగులతో, రుమాళ్ళతో విసురుకుంటూ కూర్చునేవాళ్ళం. ఒకసారి ప్రిన్సిపాల్ గారే లోపలికి వచ్చి, “ఇంత ఉక్కలో ఎట్లుంటారండీ” అంటూ స్విచ్చి వేశారు. కాలేజీ కాలేజీ అంతా లేచి నేల మీద పడింది. ప్రిన్సిపాల్ గారు కూడా వంగి ఏరబోతే సారు ఆపారు. “మీరుండండి సార్. మీరు ఏరితే అందరూ ఫిజిక్సులోకి పోతారు.” ప్రిన్సిపాల్ గారిది ఫిజిక్సు.

ఆయన అందరికీ ప్రీతిపాత్రులని నేను రాయను. కోపం ఎక్కువ. ఒకసారి కాదన్నాక మళ్ళీ అడిగితే ముఖం తిప్పుకునేవారు. కామర్సు అధ్యాపకులు చెన్నబసప్ప గారిది పత్తి వ్యాపారుల ఇల్లు. మధ్యాహ్నాలు మార్కెట్‌కు పోవాలని తన గంటలన్నీ పొద్దున పెట్టమని ఏటా అడిగేవారు.

“మధ్యాహ్నం పత్తి రేటు తేలుతాది సార్. నేను ఆడ లేకపోతే మా అన్న ముంచేస్తాడు.”

“మీ అన్న ఒక్కడు ముంచితే మీ ఇల్లే మునుగుతాదప్పా. నువ్వు ఈడ లేకపోతే సెకండ్ బీకామంతా మునుగుతాది.”

“అయితే మీ పత్తి మీరే కొనుక్కోండి ఈసారి.”

“మా ఇంట్లో ఒత్తులకు తప్ప పత్తి పని లేదు. పో, మధ్యాహ్నం నాలుగో గంట నీదే.”

చెన్నబసప్ప గారు అలిగి పోయారు. చావు ఇంటి ముందు మెట్ల మీద అందరికన్నా చివరి దాకా కూర్చున్నది ఆయనే.

జూన్ వస్తే సారు కూడా నలిగిపోయేవారని నాకు ఆయన కింద చేరాకే తెలిసింది. ఆ రోజుల్లో మజ్జిగ తప్ప ఏమీ సయించేది కాదు. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, గాలిలో వేలితో ఏవో గళ్ళు సరిచేసుకునేవారు. “గంట అంటే గడి కాదమ్మా. ఆ గడిలో ఒక మనిషి నిలబడల్ల, కొందరు కూర్చోనల్ల. ఇద్దరికీ ఇబ్బంది కాగూడదు. అదీ కష్టం” అనేవారు.

పోయిన వేసవిలో నేను భయపడిన ఘడియ వచ్చింది. ఇంగ్లీషులో కాంపోజిషన్ క్లాసు అని ఒకటి ఉంది. పెద్ద క్లాసును చిన్న బ్యాచిలుగా విడదీసి, పిల్లల చేత సొంతంగా రాయించి, పక్కన నిలబడి దిద్దాలి. ఒక్కో బ్యాచి మాకు ఒక్కో గంట పని. బ్యాచిలన్నిటినీ కలిపి పెద్ద హాల్లో ఒకేసారి క్లాసు పెట్టమని పాలకవర్గం అడిగింది. అట్లా కలిపితే మా శాఖకు గంటలు తగ్గుతాయి. నేను ఇంటికి పోతాను.

సమావేశానికి సారు వెళ్ళారు. కిటికీ బయట వరండాలో నేను నిలబడ్డాను. కార్యదర్శి గారు మర్యాదగానే మాట్లాడారు.

“పది మందికి చెప్పినా, నూరు మందికి చెప్పినా గొంతు ఒకటే కదా సార్.”

“చెప్పేదానికి గొంతు ఒకటే. దిద్దేదానికి కండ్లు కావాల.”

“ఆ అమ్మాయి ఉద్యోగం కోసం మీరు ఇట్లంటాండారని కొందరంటారు.”

సారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “ఆ అమ్మాయి లేకపోయినా ఈ మాటే అంటా. కానీ ఆ అమ్మాయి ఉంది. ఆమె దిద్దిన కాగితం ఒకటి తెప్పించుకోని చూడండి. చూసి కలపండి” అన్నారు.

వాళ్ళు తెప్పించుకోలేదు. ఈ ఏడు ఇట్లే పోనివ్వండి, వచ్చే ఏడు చూద్దామన్నారు. బయటికి వచ్చి సారు నాతో, “ఏడాది దొరికింది. వచ్చే ఏడు సంగతి నాకు తెలీదమ్మా, నీకు అబద్ధం చెప్పలేను” అన్నారు. ఆ నిజాయితీకి అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఏడాది పొడుగునా నా డైరీలో ఏ పుస్తకం గురించి రాయబోయినా చివరికి జూన్ మాటే వచ్చింది.

కర్మలు ముగిసిన మరునాడు ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. “వాదిరాజు గారి గంటలు నీ పేరు కింద రాస్తున్నామమ్మా. ఇంక నీ ఉద్యోగానికి భయం లేదు. వచ్చే ఏడు బ్యాచిలు కలిపినా నువ్వుంటావు.” ఏడాదిగా ఎదురుచూసిన మాట ఇట్లా వచ్చింది. విన్న క్షణాన గుండె తేలికైంది. ఆ తేలికను ఎక్కడ దాచుకోవాలో తెలియక తల వంచుకుని నిలబడ్డాను. ఇంటికి పోయి చెబితే అమ్మ దేవుడికి దండం పెట్టబోయి, చేతులు మధ్యలోనే దించేసింది.

ఇప్పుడు కొత్త భయాలు. బ్యాచిలు కలపవద్దని చెప్పడానికి ఇక ఎవరు పోతారు? నలుగురిలో నాకు నోరు పెగలదు. ఆయన గంటలను ఉన్నవి ఉన్నట్టే నాకు మార్చారు. అందులో రోజూ మొదటి గంట ఉంది. ఎమ్మిగనూరు నుంచి నా బస్సు ఆ వేళకు అందీ అందకుండా చేరుతుంది. కాలేజీ వెనక వీధిలోనే ఇల్లు కాబట్టి ఆయన దాన్ని తన దగ్గర పెట్టుకున్నారు. నేను చేరిన రోజు ఆయన నన్ను మొదట అడిగింది నా చదువు గురించి కాదు, “ఏ బస్సుకొస్తావమ్మా?” అని. ఈసారి ఆ మాట ఎవరూ అడగలేదు.

నిన్న, ఆ మొదటి గంటకు నేను పోవలసిన తొలి రోజే, బస్సు దారిలో చెడిపోయింది. నేను పరుగెత్తుకుంటూ చేరేసరికి గంట కొట్టి చాలాసేపైంది. క్లాసులో ఒక్కరూ లేచి పోలేదు. తలలు వంచుకుని రాసుకుంటున్నారు. ముందు బెంచీ పిల్ల లేచి నిలబడింది. “సారు ఇచ్చిన వ్యాసం మేడం. పక్కన నిలబడి దిద్దుతానన్యారు.”

ఒక్కొక్కరి పక్కనా నిలబడి దిద్దడం మొదలుపెట్టాను. మొదటి వరుస కూడా పూర్తి కాకముందే గంట కొట్టారు.

సారు, మీ పాదాలకు నమస్కరించి ఒక్కటే చెప్పుకుంటాను. మీ గంటలన్నీ నాకిచ్చారు. అవి నాకు చాలడం లేదు.