నా వేటదారిలో కొత్తవాడు

నేను వెతికిపెట్టిన వేటదారికి రమణ నాతో మాటమాత్రం చెప్పకుండా ప్రసాద్‌ను తీసుకెళ్లాడు. అది నాకు చేసిన అన్యాయమే.

డెన్వర్ దగ్గర మా ఇళ్లు పక్కపక్కనే. కొండల్లో కార్లు పోలేని ఆ దారి రమణకు చూపించింది నేను. ఏ బడికీ పోకుండా మోటార్‌సైకిల్ విప్పి బిగించడం నేర్చుకుని, అతనికీ నేర్పాను. ఎల్క్ దుప్పులు బెదరకుండా బండి దూరంగా ఆపి నడవాలన్నదీ నా మాటే. నిన్నగాక మొన్న ఫ్రీమాంట్ నుంచి దిగిన ప్రసాద్‌కు నా చోటు ఇచ్చేశాడు.

రమణ భార్య నోట ఆ సంగతి విని కడుపు మండింది. డెబ్బై ఏళ్లవాణ్ణి, ఒంటరిగా నా పాత బండి మీద వాళ్ల వెంట పడ్డాను. వాగు దాటుతుంటే చక్రం జారి బండి నా కాలి మీద పడింది. మంచులాంటి నీళ్లలో కదల్లేక గట్టిగా కేకలు పెట్టాను. పరుగున వచ్చి బండి ఎత్తింది ఆ ప్రసాదే.

"అంకుల్, కాలు మూవ్ చేయగలరా? స్లోగా ట్రై చేయండి" అన్నాడు. ఆ మర్యాదకు ఇంకా మండింది.

వెనకే వచ్చిన రమణను, "నేను నీకేం తక్కువ చేశానురా?" అని నిలదీశాను.

అతను నీళ్లలో తేలుతున్న నా టిఫిన్ డబ్బా తీసి, మూత తెరిచి వాసన చూశాడు. ఆ జవాబు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

"అన్నా, ప్రతిసారీ ఈ పులిహోర తెస్తావు. నీ ఇంగువ వాసనకి ఒక్క ఎల్కూ దగ్గరికి రాదు. ఆ మాట నీతో అనలేక చెప్పకుండా వచ్చాను. ఇవాళ నీ కేకలకి మంద మొత్తం పారిపోయింది. ఇక పులిహోరే గతి. కూర్చో, తిందాం."