మున్నేటి దిబ్బ మీద మా పొయ్యి

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి బయటికి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. నాకు అన్యాయం చేసినవాళ్లంతా మామూలు మనుషులే, వాళ్లలో దెయ్యం ఒక్కటీ లేదు. కానీ మున్నేటి దిబ్బ మీద పట్టపగలు, నలుగురి ఎదుట జరిగిన ఒక సంగతి మాత్రం చెప్పి తీరాలి.

నందిగామ దగ్గర మున్నేరు రెండు పాయలుగా చీలిన చోట ఆ దిబ్బ ఉండేది. మొదట్లో ఉత్త ఇసక మేట. బట్టలుతికేవాళ్లు ఆరేసుకోవడానికి పనికొచ్చేది. తర్వాత తుంగ మొలిచింది, వరద తెచ్చిన ఒండ్రు పేరుకుంది, వేసవిలో పుచ్చపాదులు పెట్టారు. మా నాన్న, ఆయన పినతండ్రి కొడుకు కోటయ్య బాబాయి అక్కడే పక్కపక్కన పాకలు వేసుకున్నారు. నేను పుట్టింది ఆ పాకలోనే. ఊళ్లోవాళ్లకి మేం దిబ్బవాళ్లం.

యాభైల్లో ఒక వానాకాలం, తెల్లవారుతుండగా ఏరు పొంగింది. అమ్మ అప్పుడే ఎసరు పెట్టింది. పొయ్యిని అలాగే వదిలేసి పడవెక్కాం. మధ్యాహ్నానికి దిబ్బే లేదు.

జగ్గయ్యపేటలో మేనమామ ఇంట్లో తలదాచుకున్నాం. నాన్న అక్కడే జ్వరంతో పోయాడు. చూడ్డానికి బాబాయి రాలేదు. కబురు అందలేదన్నాడు. కబురు చెప్పింది నేనే, ఆయన ముఖాన.

కొన్నేళ్లకి ఏరు దారి మార్చుకుంది. దిబ్బ మళ్లీ తేలింది. మేం వెళ్లేసరికి బాబాయి తన పాక వేసుకుని, మా చోటు కూడా కలిపి కంచె కట్టేశాడు. మాకు అక్కడ ఇల్లే ఉండేది కాదన్నాడు. మాకు ఇంకెక్కడా జానెడు నేల లేదు. అది పోతే అమ్మా నేనూ మామయ్య అరుగు మీదే బతకాలి.

కరణం గారికి అర్జీ పెట్టాను. పట్టించుకోకపోతే మళ్లీ పెట్టాను. ఆయన విసిగిపోయి ఒక ఉదయం దిబ్బకొచ్చి, ఇల్లున్న గుర్తేదైనా చూపించమన్నారు.

అమ్మ అటూ ఇటూ నడిచి కంచె లోపల ఒకచోట నిలబడింది. నేను పార తీసుకోబోతే బాబాయి అడ్డొచ్చాడు.

"వీడు తవ్వితే ఏదో ఒకటి పెట్టి తీస్తాడండీ. నా మనుషులు తవ్వుతారు."

సరే అన్నాను. నేను పార ముట్టుకోలేదనడానికి ఆయన మాటే సాక్ష్యం.

మోకాలి లోతు దాకా పొడి ఇసక. ఆ కింద తడి ఇసక, నీరు ఊరుతోంది. నడుం లోతున ఒండ్రు. దాని అడుగున అమ్మ అలికిన నేల, ఒక పక్క విరిగిన మట్టిపొయ్యి. పొయ్యి నిండా బూడిద. తవ్వేవాడు అందులో చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. పారతో కదిపితే లోపల ఎర్రగా నిప్పు.

పొగ లేదు. సెగ మాత్రం నా ముఖానికి తగిలింది. కరణం గారు కండువా మూతికి అడ్డం పెట్టుకుని వంగి చూశారు.

ముందు తేరుకున్నది బాబాయే. అది పుచ్చపాదుల కూలీల పొయ్యి అన్నాడు. రాత్రి వీడే వచ్చి రాజేసి పోయాడని నన్ను చూపించి కూడా అన్నాడు. రెండూ ఒకే ఊపిరిలో. కరణం గారు ఎటూ తేల్చుకోలేక నిలబడ్డారు.

అప్పుడు బాబాయి భార్య, సీతమ్మ పిన్ని, తన పాకలోంచి వచ్చింది. చేతిలో పిడక. మేం పక్కపక్కన ఉన్న రోజుల్లో ఆవిడ అగ్గిపుల్ల గీసి ఎరగదు. అమ్మ రాత్రిపూట నిప్పుని బూడిదలో కప్పి ఉంచేది. పిన్ని పొద్దున్నే పిడక తెచ్చి అంటించుకుపోయేది. ఇప్పుడూ అలాగే గుంటలోకి దిగింది. పిడక అంచు నిప్పుకి ఆనించి ఊదింది. రాజుకున్నాక కొంగు గాలికి అడ్డం పట్టుకుని వెళ్లిపోయింది. మొగుడి వైపు చూడనైనా లేదు.

"మీ ఆవిడకి ఇక్కడ నిప్పు తీసుకోవడం బాగా అలవాటే కోటయ్యా" అన్నారు కరణం గారు. ఆ సాయంత్రమే మా చోటులో కంచె పీకించారు.

మర్నాడు నేనొక్కణ్నే వెళ్లి చూశాను. గుంటలో నీరు చేరింది. బూడిద తడిసి ముద్దయి చల్లగా ఉంది. తర్వాత చాలామందిని అడిగాను. భూమిలోంచి ఏదో వాయువు వచ్చి మండి ఉంటుందని హైస్కూల్లో సైన్సు మాస్టారు ఒకాయన అన్నాడు. మా పొయ్యిలోనే ఎందుకు మండిందంటే ఆయనకి వేరే పని గుర్తొచ్చింది. బాబాయి మాత్రం అదంతా నా గారడీ అని పోయేదాకా ఊరంతా చెప్పాడు.

ఆయన పోయాక, అరవైల చివర్లో, పిన్నినే అడిగాను. అది నిజంగా నిప్పేనా, మన కళ్లు మోసపోయాయా అని.

"ఆ నిప్పుతోనే ఆ పూట అన్నం వండా గదరా. ఉడికింది. మీ బాబాయీ తిన్నాడు, మారు కూడా అడిగాడు. ఇంకేం కావాలి నీకు?"

నాకు ఇంకా కావాలి. అన్నేళ్ల నీటి కింద ఆ నిప్పు ఎలా ఉందో కావాలి. చెప్పగలిగినవాళ్లు నాకు దొరకలేదు, నా బుర్రకీ అందలేదు. ఆ అన్నం మారు అడిగి తిని గారడీ అన్న మనిషిని మాత్రం నేను ఇవాళ్టికీ క్షమించలేదు.