తవుడు పోసి కొన్న పిల్ల

పొద్దున్న పక్కింటివాళ్లు గేదెకు కుడితిలో తవుడు కలుపుతుంటే ఆ వాసనకు పాత సంగతి గుర్తొచ్చింది. నూరేళ్లకు దగ్గరపడ్డాను. నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో రాసి పెడుతోంది.

నా ఈడువాళ్లు ఎవరైనా మిగిలుంటే మీకు గుర్తుండాలి. పిల్లలు పుట్టి పుట్టి పోతున్న ఇంట్లో, పురిటిబిడ్డను చేటలో పెట్టి పొరుగామెకు ఇచ్చేసి, మళ్లీ తవుడు పోసి కొనుక్కునేవారు. పరాయి పిల్ల అనుకుని చావు వదిలేస్తుందని నమ్మకం. అలా కొన్న తవిటమ్మని నేను.

నర్సీపట్నంలో మా పెంకుటిల్లు, కిరసనాయిలు బుడ్డి మసి, ఇవన్నీ చూసినవో విన్నవో చెప్పలేను. ఒక్కటి మాత్రం నా కళ్లతో చూశాను. నేల మీద చేటలో తవుడు, దాని పక్కన కడియాలతో నా కాళ్లు. నేను నిలబడి ఉన్నాను.

అప్పట్లో ఇది చెబితే మా మేనత్త నవ్వింది. "అప్పుడు నువ్వు పురిటిగుడ్డువే. నిలబడి సూసేవా ఏటి? ఎవరో సెప్పింది కల్లో వొచ్చుంటది."

పసితనం ఎవరికీ గుర్తుండదని మనవరాలూ అంటోంది. అందరికీ ఒక్కలాగే ఎలా చెరిగిపోతుంది? పిల్లలకు గుర్తులేకపోతే ఏం చెప్పినా చెల్లుతుంది, పెద్దవాళ్లకు అదే మేలేమో. నడిచే పిల్లగా ఉన్నప్పుడు నన్ను నిజంగానే ఎవరి దగ్గరో కొని తెచ్చుకున్నారేమో.

చిన్నప్పుడు ఓసారి అమ్మ నా తల దువ్వుతుంటే అడిగాను. "అమ్మా, నన్ను కొన్నావా?"

"కొన్నానే. ఎనక్కి ఇచ్చీమంటావా ఏటి?" అంది అమ్మ.

ఎవరి దగ్గర అని అడగబోయి ఆగిపోయాను. పేరు తెలిస్తే అక్కడికి పంపేస్తుందని భయం. అమ్మ పోయేదాకా అడగలేదు.